అగ్గిపెట్టె మాస్టారి పెద్ద కొవ్వొత్తి

ఏమిటే, అలా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నావు? శుక్రవారం నీ వంతా? ఓస్, ఇంతేనా! ఇందుకేనా పొద్దుట్నుంచీ మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావు? ‘విశ్వాసం, నిత్యజీవితం’ అని ఇచ్చారా? మా రోజుల్లోనూ అదేనే తల్లీ. బళ్ళో పనిచేసే ప్రతి టీచరూ ఏదో ఒక సాయంత్రం హాల్లో లేచి నిలబడి, దేవుడు వంటింట్లో ఎక్కడుంటాడు, బస్సులో ఎక్కడుంటాడు అని పిల్లల అమ్మానాన్నలకి చెప్పాల్సిందే. కుట్టుపని నేర్పేదాన్ని, నన్ను కూడా వదల్లేదు. నేనేం చెప్పానో అడక్కు. సూదిలో దారం ఎక్కించడం గురించి ఏదో చెప్పాను. చాలా బాగుందన్నారు. వెనకవాళ్ళకి వినపడలేదులే, అందుకని.

మీకిప్పుడు మైకుంది, గోడకి గడియారం ఉంది. మాకు కొవ్వొత్తి ఉండేది. నీకెవరూ చెప్పలేదా? గుడిలో ఉపదేశి ఉండేవాడు, పిల్లలకి జపాలు నేర్పే ముసలాయన. ఆయనోసారి ఓర్పు గురించి మొదలుపెట్టాడు. ఓర్పు గురించే, నవ్వకు. ఎంతసేపు చెప్పాడంటే, ఒకావిడ ఒళ్ళో పిల్ల నిద్రపోయి, లేచి, ఏడ్చి, పాలు తాగి, మళ్ళీ నిద్రపోయింది. ఆయన ఇంకా ‘అసలు విషయానికొస్తే’ అంటున్నాడు. జనం ఒక్కొక్కరే వంగి వంగి గోడవార నుంచి జారుకున్నారు. మర్నాడు మదర్ రూలు పెట్టింది. అప్పటి మదరంటే మఠానికీ ఆవిడే పెద్ద, బడికీ ఆవిడే పెద్ద. గుడిలో వాడగా మిగిలిన కొవ్వొత్తి ముక్క ఏదైనా సరే, మాట్లాడేవాళ్ళే ఏరుకుని తెచ్చుకోవాలి. అది వెలిగినంతసేపే మాట. ఆరిందా, నోరు మూసుకుని దిగిపోవాలి. వెలుగుతున్నంతసేపూ హాల్లోంచి ఎవరూ లేవకూడదు. మాట్లాడేవాళ్ళు తప్ప ఇంకెవరూ దాన్ని ఆర్పకూడదు. అదీ రూలు. పాటల టీచరు ఓసారి సంసారం గురించి చెబుతూ ‘కాబట్టి భర్తలు...’ అంటుండగా ఠక్కున ఆరిపోయింది. కాబట్టి భర్తలు ఏం చెయ్యాలో ఇప్పటికీ మాకెవరికీ తెలీదు. మీ తాతకైతే అసలే తెలీదు.

ఆ కొవ్వొత్తితో ఆటాడినవాడు ఒక్కడే. అగ్గిపెట్టె మాస్టారు. ఏదో ఒకటి వెలిగించి చూపించందే పాఠం చెప్పలేడు, సైన్సు కదా, అందుకని జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె. కోపమూ అలాంటిదే. గీస్తే భగ్గుమనేది, అంతలోనే ఆరిపోయేది. ఆయన మా గోడ పక్కింటాయనే. ఆ గోడ ఎంత పల్చనంటే, అటు తుమ్మితే ఇటు మేము చిరంజీవ అనేవాళ్ళం. తన వంతొచ్చినప్పుడల్లా గుడిలో కొవ్వొత్తి ముక్కలు పడేసే పెట్టెలో అడుగుకంటా వెతికి బఠాణీ గింజంత ముక్క తెచ్చేవాడు. వెలిగించేవాడు. ‘ప్రార్థన చేసేటప్పుడు కళ్ళెందుకు మూసుకుంటాం? తెరిస్తే పక్కవాడు కనపడతాడు గనక. కనపడితే వాడితో మనకున్న తగాదా గుర్తొస్తుంది గనక. ముందు అది తీర్చుకుని రండి’ అనేవాడు. ఫట్. ఆరిపోయేది. జనం చప్పట్లే చప్పట్లు. ఆయనకి నమ్మకం లేదనుకునేవు. ఉంది. పూజకి ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు గానీ ఒక్క ఆదివారం మానింది లేదు. ఫాదర్ ఓసారి నిలదీస్తే, ‘నాకూ దేవుడికీ ఏ గొడవా లేదు ఫాదర్, మధ్యలో మీ ప్రసంగమే కాస్త పొడుగు’ అన్నాడు. ఫాదర్ కూడా నవ్వేశాడు. ఏం చేస్తాడు మరి?

ఆయనకో కూతురు. పెళ్ళాం ఆ పిల్ల నడక నేర్వకముందే పోయింది. మళ్ళీ చేసుకోలేదు. సన్నగా పొడుగ్గా ఉండేది పిల్ల, అందుకని అగ్గిపుల్ల అనేవాళ్ళం. పెద్దయ్యాక మా బళ్ళోనే చిన్నపిల్లల క్లాసు చూసేది. ఇంట్లో నాన్న, బళ్ళో సార్. తండ్రిని బళ్ళో పొరపాటున కూడా నాన్నా అనేది కాదు, ఆయనే అలా అలవాటు చేశాడు. మంచి పిల్ల. నోట్లో నాలుక లేదనుకునేవాళ్ళం. అలాంటిది ఓరోజు అన్నం వడ్డిస్తూ, ‘నాన్నా, నేను మఠంలో చేరతాను’ అంది. గోడ ఇవతల నా చేతిలో గరిటె ఆగిపోయింది. అవతల కంచం ఎగిరిన చప్పుడు. ‘కన్యస్త్రీవా? నువ్వా? పిల్లిని చూస్తే మంచమెక్కేదానివి, లోకాన్ని చూసుకుంటావా?’ ‘పిల్లి వేరు, లోకం వేరు నాన్నా.’ ‘ఎవరు నూరిపోశారు, ఆ మదరేనా?’ ‘ఎవరూ నూరిపోయలేదు. పిలుపొచ్చింది.’ ‘ఏదీ, నాకు వినపడలేదే!’ అన్నాడాయన.

అంతే. మాటలు బందు. పిల్ల సర్దుకోవడం సర్దుకుంటోంది, ఆయన చూడనట్టు చూస్తున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ, ఎలా గడుస్తుందీ అని నేనే మథనపడ్డాను. వాళ్ళే దారి కనిపెట్టారు. వాళ్ళింట్లో గోడకి దేవమాత పటం ఉండేది. పిల్ల దానికేసి తిరిగి, ‘దేవమాతా, కూర చల్లారిపోతోందని మా నాన్నతో చెప్పమ్మా’ అనేది. ఆయన కూడా పటానికేసే తిరిగి, ‘తల్లీ, ఆకలి లేదని నీ భక్తురాలితో చెప్పు’ అనేవాడు. ‘నిన్నా తినలేదని అను తల్లీ.’ ‘ఎక్కువ మాట్లాడొద్దని అను తల్లీ.’ ఇలా నడిచేది సంసారం. పాపం ఆ తల్లికి ఊపిరాడేది కాదు. ఓరోజు ఆయన మర్చిపోయి, ‘నా కళ్ళజోడెక్కడ పెట్టావే?’ అని నేరుగా అడిగేశాడు. అడిగి, నాలిక్కరుచుకుని, గబగబా పటంకేసి తిరిగి మళ్ళీ అడిగాడు. గోడకి చెవి ఆనించి నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. వినకూడదంటావా? నువ్వూ వినేదానివేలే, నాకు తెలీదూ.

పిల్ల వెళ్ళే రోజొచ్చింది. కొత్తవాళ్ళకి శిక్షణ ఇచ్చే పెద్ద మఠం వేరే ఊళ్ళో ఉంది, సాయంత్రం రైలుబండికి ప్రయాణం, తోడుగా ఓ చిన్న సిస్టరు. ఆ బండి పోతే ఆ మఠంలో మళ్ళీ ఏడాదికి గానీ కొత్తవాళ్ళని చేర్చుకోరు. మదర్ ఏం చేసిందనుకున్నావు? సరిగ్గా ఆ సాయంత్రమే మాస్టారికి వంతు వేసింది. విషయం కూడా ఆవిడే ఇచ్చింది, దైవపిలుపు. ఆవిడ లెక్క ఆవిడది. ఈయన ఎలాగూ బఠాణీ గింజంత ముక్కే తెస్తాడు. ఆ కాస్తలో, నలుగురి ముందూ, మొహమాటానికైనా ఓ మంచి మాట అంటాడు. పిల్ల ఆ మాట పట్టుకుని సంతోషంగా బండెక్కుతుంది. పిల్ల కూడా అందుకే వచ్చింది, సామాను స్టేషనుకి పంపించేసి, ముందు వరసలో కూర్చుంది. తండ్రి నోట ఒక్క మాట వినకుండా వెళ్ళడం దానికి ఇష్టం లేదు.

ఆయన లెక్క వేరు. మధ్యాహ్నం ఉపదేశి దగ్గరికెళ్ళాడట. పూజ సామాన్ల గదిలో, మూలకి, పోయినేటి పాస్కా కొవ్వొత్తి గోడకి ఆనించి ఉంది. తెలుసుగా, ఈస్టరుకి వెలిగించి పీఠం పక్కన నిలబెడతారు, ఏడాది పొడుగునా ఒకటే వాడతారు. నా జబ్బంత లావు. అప్పట్లో నా జబ్బలే, ఇప్పుడివి చూసి అంచనా వెయ్యకు. కొత్తది రాగానే పాతది మూలన పడింది, సగానికి పైగా మిగిలే ఉంది. ‘తాతా, ఇది వాడగా మిగిలిందేనా?’ ‘మిగిలిందే.’ ‘అంటే ముక్కేగా?’ ‘ముక్కే మరి.’ అడిగినదానికి జవాబు చెప్పడమే గానీ, ఎందుకడుగుతున్నారని అడగడం ఆ ఉపదేశికి తెలీదు.

హాలు నిండిపోయింది. తగవు ఊరందరికీ తెలుసుగా, చూద్దామని వచ్చారు. నేనూ అందుకే వెళ్ళాను, దాపరికమేముంది. మాస్టారు వచ్చాడు, భుజాన ఆ కొవ్వొత్తి, రోకలి మోసుకొచ్చినట్టు. తీసుకొచ్చి బల్లమీద దభీమని నిలబెట్టాడు. మదర్ తెల్ల ముసుగులో ఎర్రబడింది. ‘మాస్టారూ, ఏమిటిది?’ ‘మిగిలిన ముక్క మదర్. మీ రూలే.’ ‘ఇది రేపటికి గానీ ఆరదే!’ ‘అయితే రేపటిదాకా వింటారు. దైవపిలుపంటే చిన్న విషయమా?’ అగ్గిపుల్ల గీశాడు.

మదర్ ఒక్క మాటంటే పోయేదిగా అంటావు. అదే మరి. జడకి రిబ్బను రంగు తేడా వస్తే పిల్లని గుమ్మంలోంచే వెనక్కి పంపిన మనిషి ఆవిడ. రూలు పెట్టాక ఉపదేశికి మళ్ళీ వంతొచ్చినప్పుడు, జ్వరంతో వణుకుతూ కూడా ఆయన కొవ్వొత్తి ఆరేదాకా కదలకుండా కూర్చుంది. తన రూలు తనే తీసి గట్టున పెడితే మర్నాటినుంచి ఆవిడ మాట ఎవరు వింటారు? పోనీ పిల్ల లేచిపోవచ్చుగా అంటావు. విధేయంగా ఉంటానని మాటివ్వడానికి వెళ్తున్న పిల్ల, మదర్ రూలు తప్పించుకుని పారిపోతూ మొదలుపెడుతుందా? అవన్నీ ఆలోచించుకునే వచ్చాడు మహానుభావుడు. చిన్న సిస్టరు చేతి గడియారం చూసుకుని, మదర్‌కేసి చూసి, తలొంచుకుంది.

మొదలుపెట్టాడు. ‘పిలుపు అంటే ఏమిటి? పొద్దున్నే పాలావిడ పిలుస్తుంది. బడి గంట పిలుస్తుంది. మా పక్కింటావిడ గోడ అవతల్నుంచి వాళ్ళాయన్ని పిలుస్తుంది, ఆయనకి తప్ప వీధికంతా వినపడుతుంది.’ అందరూ నాకేసి తిరిగారు. మీ తాత పైకి చూశాడు. ‘పిలిచినవాళ్ళ దగ్గరికల్లా పరిగెత్తుతామా? ఎవరు పిలిచారో చూసుకోవద్దూ? దేవుడు పిలిచాడంటారు. ఎవరి గొంతుతో పిలిచాడు? కొంతమందికి ఆయన గొంతూ మదర్ గారి గొంతూ ఒకేలా వినపడుతుందేమో!’ జనం నవ్వారు. మదర్ నవ్వలేదు. పిల్లా నవ్వలేదు. జపమాల గురించి కూడా చెప్పాడు. ‘మా పక్కింటావిడ జపం మధ్యలో, పాలు పొంగుతున్నాయి ఎవరక్కడా, అంటుంది. దేవుడు ఆ పాలని కూడా జపంలోనే కలుపుకుంటాడు. ఇంట్లో ఉండి పాలు పొంగకుండా చూసుకోవడమూ పిలుపే. దానికి రైలెక్కక్కర్లేదు.’ ఆ సాయంత్రం నన్ను ఎంత వాడుకున్నాడో చూడు, నాకేమైనా చెప్పాడా ముందు? చెప్పి ఉంటే కొత్త చీర కట్టుకునేదాన్ని.

కాసేపు బాగానే విన్నారు. తర్వాత మొదలైంది అవస్థ. ఫాదర్‌కి ఆకలి, కడుపు మీద చెయ్యేసుకుని దగ్గాడు. డ్రిల్లు మాస్టారు ఉక్కపోస్తోందని కిటికీ బార్లా తెరిచాడు. గాలి రివ్వుమని వచ్చింది. మన మాస్టారు మాట ఆపకుండానే రెండడుగులు జరిగి కొవ్వొత్తికి అడ్డం నిలబడ్డాడు. పాటల టీచరు బల్ల దగ్గరికంటా ముందుకి వంగి ఇంత తుమ్ము తుమ్మింది. అంత అబద్ధపు తుమ్ము నేను పుట్టి ఎరగను. మంట వంగింది, లేచింది. ‘చిరంజీవ’ అన్నాడాయన. డ్రిల్లు మాస్టారు ఇంక ఆశ వదులుకుని నిద్రపోయాడు. అటు కిటికీలో వెలుతురు పల్చబడుతోంది, స్టేషనుకెళ్ళే బళ్ళ చప్పుడు వినపడుతోంది, చిన్న సిస్టరు కాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. పిల్ల మాత్రం బొమ్మలా కూర్చుని తండ్రికేసే చూస్తోంది.

ఎంతని చెప్తాడే? బఠాణీ గింజలకి అలవాటు పడ్డ మనిషి. రాసుకొచ్చిన కాగితాలు అయిపోయాయి. కొవ్వొత్తి గోరంత కూడా తరగలేదు. మైనం ఎలా కరుగుతుందో చెప్పాడు. మంటలో నీలం ఎక్కడుంటుందో, పసుపు ఎక్కడుంటుందో చెప్పాడు. అదీ అయిపోయింది. అటు చూశాడు, ఇటు చూశాడు, నీళ్ళు తాగాడు. ఇంకేమీ దొరక్క, ‘మా ఇంట్లో ఓ పిల్ల ఉంది’ అన్నాడు.

అది చెప్పాలని రాలేదు. నేను ఎదురుగా ఉన్నాను, చూశాను. నోరు అన్నాక ఆయనకే తెలిసింది. కానీ ఆపితే కొవ్వొత్తి ఊదాలి, ఊదితే పిల్ల వెళ్తుంది. అందుకని చెప్పాడు. పిల్లకి జడ వెయ్యడం రాక, బళ్ళో కుర్చీ వీపుకి మూడు తాళ్ళు కట్టి, తలుపేసుకుని నేర్చుకున్నాడట. మొదటి నెలంతా పిల్ల జడ కుర్చీ జడలా నిక్కబొడుచుకునే ఉండేదట. మొదటిసారి సత్‌ప్రసాదం, అదే దేవుడి శరీరమని పూజలో ఇచ్చే అప్పం, పుచ్చుకున్న రోజు, తుమ్మితే దేవుడు బయటికొచ్చేస్తాడేమోనని సాయంత్రందాకా ముక్కు పట్టుకుని తిరిగిందట. ‘నేను నవ్వాను. అది ఏడ్చింది. అప్పుడే అనుకోవాల్సింది నేను’ అన్నాడు. తట్టు పోసినప్పుడు సంగతి మొదలుపెట్టాడు. ఒళ్ళంతా కాలిపోతుంటే, దీపం ఆర్పొద్దు నాన్నా అందట. ‘అప్పుడు నేనేం చేశానంటే...’

అప్పుడు పిల్ల చెయ్యెత్తింది.

కొత్తగా చేరిన టీచర్లకి ఆయన ఒకటే చెప్పేవాడు. చెయ్యెత్తిన పిల్లని చూడనట్టు నటిస్తే ఆ రోజే ఉద్యోగం మానెయ్యమని. మాలో అందరికీ చెప్పాడు. ఇప్పుడాయన కిటికీకేసి చూశాడు. ఫాదర్‌కేసి చూశాడు. దూలాలకేసి చూశాడు. చెయ్యి దిగలేదు. చెయ్యి నొప్పెడితే చిన్నపిల్లలు రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుంటారు చూడు, అలా పట్టుకుని మరీ ఎత్తి ఉంచింది. పట్టుదలలో తండ్రి కూతురే. హాలంతా చూస్తోంది.

‘ఏమిటి?’ అన్నాడు. ఆ కంచం ఎగిరిన రోజు తర్వాత, మధ్యలో దేవమాత లేకుండా కావాలని అడిగిన మొదటి మాట అదే.

పిల్ల లేచి నిలబడింది. ‘సార్, బయటికి వెళ్ళొచ్చా?’

నాన్నా అనలేదు చూడు. నాన్నా అంటే ఏడ్చేవాడు, ఏడిస్తే పిల్ల ఆగిపోయేది. దానికి తెలుసు. సార్ అంది. బయటికి వెళ్ళొచ్చా అని అడిగిన పిల్లని ఆయన జన్మలో ఆపలేదు. అబద్ధమని తెలిసినా పంపేవాడు. వెళ్ళొద్దు అంటే ఇంక అక్కడ అంతే, మదర్ కూడా ఏమీ చెయ్యలేదు, బండి వెళ్ళిపోతుంది. మాట ఆయనదే. ఆయన చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. మైనం బొట్టు ఒకటి జారి వేలిమీద పడింది, తీసుకోలేదు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, పెళ్ళినాడు పట్టుకున్నాక మళ్ళీ అప్పుడే.

‘వెళ్ళు’ అన్నాడు. పిల్ల కదిలింది. ‘పరిగెత్తకు’ అన్నాడు. వరండాలో పిల్లలకి రోజూ చెప్పే మాటే.

చెప్పినట్టే తలుపు దాటేదాకా నడిచింది. చిన్న సిస్టరు మదర్‌కేసి చూసింది. మదర్ కిటికీలోంచి బయటికి చూస్తోంది, ఏమీ ఎరగనట్టు. ఆ సిస్టరు కూడా జారుకుంది. తలుపు దాటాక వరండాలో టపటపా పరిగెత్తిన చప్పుడు, ఇద్దరిదీ, అందరికీ వినపడింది. ఆయనకీ వినపడింది. ‘పరిగెత్తొద్దంటే వినదు’ అన్నాడు, ఎవరితోనో.

ఇంక ఊదేస్తాడనుకున్నాం. మదరే మెల్లిగా, ‘మాస్టారూ, ఇంక చాలు, ఆర్పండి’ అంది. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకున్నాడు. ‘ఎక్కడున్నాం?’ అన్నాడు. డ్రిల్లు మాస్టారు నిద్రలోంచి లేచి, ‘తట్టు, సార్’ అన్నాడు. నిద్రపోయాడనుకున్నామా, అంతా వింటున్నాడు వెధవ. ‘ఆఁ, తట్టు’ అని మళ్ళీ అందుకున్నాడు. ఇందాకట్నుంచీ ఎప్పుడు వెళ్దామా అని చూసినవాళ్ళు ఒక్కరు లేవలేదు. ఫాదర్ కడుపు మీంచి చెయ్యి తీసేశాడు. బండి కూత వినపడింది. కూతకన్నా గొంతు పెద్దది చేసి చెప్పాడాయన, దీపం ఎలా రాత్రంతా చేత్తో పట్టుకు కూర్చున్నాడో. కూత ఆగింది, గొంతు తగ్గించాడు. పెద్ద పరీక్ష రాసింది చెప్పాడు. మొదటి జీతంతో తనకి చెప్పులు కొంటే అవి కరిచినా చెప్పకుండా తొడుక్కున్నది చెప్పాడు. వరసగా వస్తూ వస్తూ ఆ పొద్దుటిదాకా వచ్చాడు.

‘ఇవాళ పొద్దున్న కంగారులో టీలో పంచదార వెయ్యడం మర్చిపోయింది. అలాగే తాగాను. అడిగితే వేసేది. నేనే అడగలేదు’ అన్నాడు.

అని, ఊదేశాడు.

...

ఏమిటే అలా చూస్తావు? పొద్దుపోతోంది. లే, ఆ కిటికీ వేసిరా, దోమలొస్తాయి.